ఇండక్షన్ పొయ్యి మీద మా ఇంటి స్టీలు గిన్నెలు: మూడో వారం

విజయనగరంలోని మా వంటింట్లో పదిహేడు పాత్రలున్నాయి. కొత్తగా కొన్న 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి వాటిలో వేటిని ఒప్పుకుంటుందో తేల్చే పని ఈ వారానికి పదకొండో పాత్ర దాకా వచ్చింది. పాడైన స్పీకరులోంచి తీసిన అయస్కాంతం అంటుకుంటే చాలునని మొదట్లో నమ్మాను. అమ్మ పెళ్లినాటి తపేలా ఆ నమ్మకాన్ని చెరిపేసింది.

దాని అడుగు మధ్యలో అయస్కాంతం జారిపోతుంది, అడుగు గోడగా వంగే అంచు దగ్గర మాత్రం బలహీనంగా పట్టుకుంటుంది. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకం స్టీలును అయస్కాంతం దాదాపు పట్టించుకోదు. రేకును అచ్చులో నొక్కి సాగదీసినప్పుడు బాగా వంగిన చోట లోపలి స్ఫటిక నిర్మాణం కొంత మారి, ఆ కాస్త ఆకర్షణ పుడుతుంది. పొయ్యికి అది చాలలేదు, కూతపెట్టి ఆగిపోయింది. నికెల్ కలపని 430 రకం గిన్నెకైతే అయస్కాంతం అడుగంతటా టక్కున అంటుకుంది, పొయ్యి కూడా వెంటనే అందుకుంది.

కానీ ఆ గిన్నె రేకు పలుచన. అర లీటరు పాలు 1200 వాట్ల మీద పెట్టి, ఫోను మోగితే వరండాలోకి వెళ్లాను. తరువాత తోముతూ చూస్తే అడుగున చేతి గాజంత వలయం గోధుమరంగులో మాడి ఉంది, దాని నడిమి భాగం మాత్రం తళతళలాడుతోంది. వేడి పొయ్యి లోపలి తీగచుట్టకు సరిగ్గా పైనున్న రేకులోనే పుడుతుంది, స్టీలు దాన్ని పక్కలకు త్వరగా పంచలేదు. అందుకే మంచి పాత్రల అడుగున రెండు స్టీలు పొరల నడుమ అల్యూమినియం బిళ్ల పెడతారు, బయటి పొరకు అయస్కాంతం అంటుకునే స్టీలు వాడతారు. “మందపాటి అడుగు, అన్ని పొయ్యిలకూ పనికొస్తుంది” అంటూ బజారులో నాకు అంటగట్టిన గిన్నెకు ఆ బయటి పొరే లేదు. అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లకపోవడం నా తప్పే.

స్టీలు కాకపోయినా, శ్రీకాకుళం జిల్లా బుడితి ఊళ్లో చేసిన ఇత్తడి చెంబును కూడా పెట్టి చూశాను. పొయ్యి ఒప్పుకోలేదు. చదునైన ఇనుప పెనం మీద దాన్ని నిలిపితే లీటరు నీళ్లు మరగడానికి పదకొండు నిమిషాలు పట్టింది. అల్యూమినియం బిళ్ల ఉన్న గిన్నెలో 1600 వాట్ల మీద నాలుగు నిమిషాలే. పైగా పెనం వేడికి గాజుపలక కాలిపోతుంటే భయమేసి, ఆ పద్ధతి మానేశాను.

ఇంకా ఆరు పాత్రలున్నాయి. వచ్చే వారం కుక్కరుతో మొదలుపెడతాను.