ఆరో వరుసలో ఏనుగు

1988లో విశ్వనాథన్ ఆనంద్ మన దేశానికి మొదటి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఆ ఏడు దసరా సెలవుల్లో మన బడి హాల్లో జరిగిన చదరంగం పోటీలు నా తోటివాళ్లకి గుర్తుండే ఉంటాయి. నేనప్పుడు తొమ్మిదో తరగతి. పెద్దవాళ్ల ఎత్తులు నల్లబల్ల మీద రాసే పని నాకప్పగించారు.

ఆఖరి రౌండులో మన లెక్కల మాస్టారికి ఎదురుపడింది ఒక రిటైర్డ్ రైల్వే గార్డు గారు. ఇద్దరూ ఏళ్ల తరబడి టోర్నమెంట్లు ఆడి పండినవాళ్లు. మాస్టారివి నల్ల పావులు. నడిమి ఆటలో ఒక బంటు పోగొట్టుకున్నారు. మంత్రులు పోయాయి, గుర్రాలు పోయాయి. చివరికి చెరో ఏనుగూ మిగిలి, గార్డు గారికి మాత్రం ఒక బంటు అదనం. అది తెల్లవైపు నుంచి ఐదో వరుసకి చేరేసరికి నాకు ఏడుపొచ్చినంత పనయింది.

మాస్టారు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. ఆయన రాజు బంటుకి ఎదురుగా ఎనిమిదో వరుసలో కూర్చున్నాడు. ఏనుగును ఆరో వరుసలోకి తెచ్చి, ఇక అదే వరుసలో అటూ ఇటూ జరుపుతూ వచ్చారు. ఏనుగు అక్కడ కాపలా ఉన్నంతసేపూ తెల్లరాజుకి ముందడుగు లేదు. చాలాసేపటికి గార్డు గారు బంటునే ఆరో వరుసకి తోశారు. ఆ మరుక్షణం ఏనుగు సర్రున మొదటి వరుసకి దిగిపోయి, వెనకనుంచి రాజుకి చెక్ మీద చెక్ చెప్పసాగింది. రాజు తలదాచుకోవాల్సిన గడిలో తన బంటే నిలబడి ఉందాయె!

గార్డు గారు గడియారం ఆపి చెయ్యి చాపారు. "బాగా నిలబెట్టారండీ మాస్టారూ" అన్నారు. ఆట డ్రా, చెరో అర పాయింటు. కప్పు ఇంకెవరికో వెళ్లింది, ఎవరికో ఇప్పుడు గుర్తు లేదు.

"గెలిచుంటే బాగుండేది కదండీ" అన్నాను, సుద్దచేతులు దులుపుకుంటూ. మాస్టారు నన్ను కూర్చోబెట్టి అవే పావులు మళ్లీ పేర్చారు. ఫిలిడార్ అనే ఫ్రెంచి సంగీతకారుడు 1777లోనే ఈ కాపుదల విడమరిచి రాశాడని చెప్పారు.

"ఇప్పుడు తెల్లవి నువ్వు పట్టరా. గెలిచి చూపించు."

నాలుగుసార్లు ప్రయత్నించాను. అయిదోసారి పేరుస్తుంటే అటెండరు తాళాలగుత్తితో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఒక్క ఆట, బాబూ" అన్నారు మాస్టారు.