ఉదయగిరి దుర్గం ఎక్కిన ఆదివారం

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

పిక్కలు పట్టేశాయి. మేడ మెట్లు గోడ పట్టుకుని దిగాల్సి వచ్చింది. అయినా ఇవాళ్టి సంగతి ఇవాళే రాసుకోవాలి. సంక్రాంతి సెలవులు అయిపోయేలోపు ఉదయగిరి దుర్గం ఎక్కిస్తానని పాపకు మాటిచ్చాను. తెల్లారకముందే ఇద్దరం బయల్దేరాం.

నెల్లూరు నుంచి వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది. సంగం, ఆత్మకూరు మీదుగా వెళ్లాం. ఆత్మకూరులో కారందోసె తిని, నీళ్లు కూడా అక్కడే కొన్నాం. కొండ మీద అంగడి లేదు. మనిషికి రెండు లీటర్లు చాలనుకున్నాను, దిగేటప్పటికి పాప సీసాలో ఒక్క గుక్క మిగిలింది. ఎవరైనా వెళ్తే మూడు లీటర్లు మోసుకెళ్లండి. బరువని తగ్గించుకోవద్దు. చెప్పులతో కాదు, బూట్లతో ఎక్కండి. ఎండాకాలంలో అసలు వద్దు.

కొండ కింద మేకలు తోలుకుపోతున్న పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. "యాడనుంచి వస్తా ఉండారు?" అన్నాడు. నెల్లూరని చెప్పాను. "పొయ్యేదానికి దోవ తెలుసా? పాపను ఎంటబెట్టుకోని వచ్చినావు, బిన్నా ఎక్కి బిన్నా దిగండి. ఎండ ముదిరితే బండలు కాల్తాయి" అంటూ మాకంటే ముందు నడిచాడు. ఆయన లేకపోతే రెండుచోట్ల తప్పిపోయేవాళ్లం. బోదగడ్డి నడుమెత్తు పెరిగి బాటను మూసేసింది, మేకల కాలిదోవలు నాలుగు వైపులా చీలిపోయి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఊళ్లోవాళ్లను ఒకరిని తోడు అడిగి, వాళ్ల కూలి వాళ్లకిచ్చి వెళ్లడమే మంచిది.

పాత మెట్లు అక్కడక్కడా మిగిలాయి. ఒక మెట్టు దగ్గర పాప కూర్చుని, రాయి నడిమిభాగం మీద అరచెయ్యి పెట్టింది. అంచులు గరుగ్గా ఉన్నాయి, నడిమిన మాత్రం చెయ్యి జారేంత నునుపు, చిన్న పళ్లెంలా గుంట పడింది. "ఎంతమంది నడిస్తే ఇట్లా అరుగుతుంది నాన్నా?" అంది. అప్పుడు చెప్పాను, కృష్ణదేవరాయల కథ.

ఈ కోట అప్పుడు ఒడిశాను ఏలిన గజపతి రాజులది. రాయలు 1513లో ముట్టడి మొదలుపెడితే ఏడాదిన్నర పట్టింది. పోర్చుగీసు వాడు నూనిజ్ రాసిపెట్టిన వివరం నాకెప్పుడూ గుర్తుంటుంది: లోపల పదివేల కాల్బలం, 400 గుర్రాలు. అంతకుమించి అక్కర్లేదట, తిండి అందకుండా చేస్తే తప్ప లొంగే కోట కాదు కాబట్టి. రాయలు రాతి గుట్టల మీదుగా, పెద్దపెద్ద రాతి గుండ్లు పగలగొట్టించి, సైనికులకు బాట వేయించాడట. చదివినప్పుడు అది పుస్తకంలో ఒక వాక్యం. ఇవాళ ఆ నిలువు బండల కింద నిలబడి తల పైకెత్తితే, గుండు పగలగొట్టడమంటే ఏమిటో ఒళ్లంతా తెలిసింది. ఏనుగంత గుండ్లు. వాటిని ఉలితో, సుత్తితో కొట్టినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. నూనిజ్ కూడా రాయలేదు.

పైకి చేరడానికి మాకు రెండున్నర గంటలు పట్టింది. సముద్రమట్టానికి 3,079 అడుగులు. పైన కుతుబ్‌షాహీల కాలం నాటి మసీదు ఉంది. లోపల చల్లగా, గాలి చప్పుడు తప్ప ఇంకేం లేదు. గోడల మీద బొగ్గుతో రాసిన పేర్లు చూసి కడుపు మండింది. ఇంత కష్టపడి ఎక్కినవాడికి ఆ గోడ మీద చెయ్యెలా వస్తుంది? పులిహోర తిన్నాం, కాగితాలు సంచిలోనే పెట్టుకున్నాం. కింద చెరువులు అద్దం ముక్కల్లా మెరుస్తున్నాయి. వాటికి అవతల ఊళ్లు.

పాపను అన్నిటికంటే పట్టేసింది బాలకృష్ణుడి సంగతి. కోట గెలిచాక రాయలు ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి, గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. దిగేటప్పుడు దోవ పొడుగునా ఇదే ధ్యాస. ఎట్లా మోశారు, బండి ఎక్కడిదాకా వచ్చి ఉంటుంది, జారి పడితే? నేను నాలుగేళ్లు చెన్నైలో పనిచేశాను, ఆ మ్యూజియం ముందు నుంచే బస్సులో వెళ్లేవాణ్ని. ఒక్కసారి కూడా లోపలికి పోలేదు. ఆ మాట పాపతో చెప్పడానికి కష్టమైంది.

ఊళ్లోకి దిగాక రంగనాయకుల గుడి చూశాం. ఆ తర్వాత చెక్క స్పూన్లు చేసే ఇంటికి. ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఇంటి ముందు అరుగు మీద ఒక అక్క కాలి బొటనవేలికి, చూపుడు వేలికి మధ్య స్పూను బిగించి ఆకురాయితో అరగదీస్తోంది. నర్ది చెక్కట. తెల్లటి పొడి ఆమె చీర కుచ్చిళ్ల మీద రాలుతోంది. ఉప్పుకాగితంతో నాలుగుసార్లు రుద్ది, పాప చేతికిచ్చి "చూడమ్మా, గీరుకుంటుందా?" అంది. గీరుకోలేదు. బేరం ఆడలేదు నేను. అంతసేపు కూర్చుని చేసేదానికి ఆమె అడిగింది ఎక్కువ కాదు. వెళ్లేవాళ్లు దయచేసి వాళ్ల దగ్గరే కొనండి.

భైరవకోన కూడా చూసుకుని వద్దామనుకున్నాం. సీఎస్‌పురం దగ్గర, కొండలో తొలిచిన ఎనిమిది గుళ్లు, పక్కనే జలపాతం. ఓపిక లేదు. దుర్గం ఎక్కిన రోజు ఇంకో ఊరు పెట్టుకోకూడదు.

ఇల్లు చేరేసరికి చీకటి పడింది. ఆ స్పూనుతోనే పాప పెరుగన్నం తింది. ఇప్పుడు పక్కగదిలో నా ఫోను పట్టుకుని చెన్నై రైళ్లు చూస్తోంది. "నాన్నా, వచ్చే ఆదివారం పినాకినికి టికెట్లు ఉండాయి" అని ఇప్పుడే కేకేసింది. చెయ్యమన్నాను.