50 లక్షల చిన్న లగ్జరీ ఎస్‌యూవీ: బెజవాడలో టెస్ట్ డ్రైవ్ నుంచి టీసీఎస్ పన్ను దాకా

ఎంట్రీ లెవెల్ లగ్జరీ ఎస్‌యూవీ అనగానే మన దగ్గర ముందుగా వినిపించేవి మూడు పేర్లు: బీఎండబ్ల్యూ ఎక్స్‌1, మెర్సిడెస్ జీఎల్ఏ, ఆడి క్యూ3. మూడూ నాలుగున్నర మీటర్లకు అటూఇటుగా పొడవు, ఎక్స్‌షోరూమ్ ధర 50 లక్షల చుట్టుపక్కల. 2025 అక్టోబరులో ఈ సెగ్మెంట్‌లో ఒక పెట్రోల్ బండి విజయవాడలో తీసుకున్నాను. ఏదన్నది పక్కన పెడుతున్నా. ఇక్కడ రాసే లెక్కలు, కాగితాలు, చిక్కులు అన్నిటికీ దాదాపు ఒకటే.

అదే డబ్బులోపు 2.8 లీటర్ డీజిల్ ఫార్చ్యూనర్ వస్తుంది. ఏడు సీట్ల స్కోడా కొడియాక్ వస్తుంది. పైగా క్యూ3, కొడియాక్ రెండూ ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు ఎంక్యూబీ ప్లాట్‌ఫామ్ (ఒకే పునాది నిర్మాణం) మీద కట్టిన బండ్లే, రెండిట్లోనూ 2.0 లీటర్ టర్బో పెట్రోలే. జీఎల్ఏ 200లో ఉన్న 1.3 లీటర్ టర్బో ఇంజన్ రెనోతో కలిసి తయారు చేసింది. ఆ కుటుంబం ఇంజనే 2020లో మన డస్టర్‌లోనూ వచ్చింది. ఎక్స్‌1 పెట్రోల్‌ది 1.5 లీటర్, మూడు సిలిండర్లు, 136 హార్స్‌పవర్, ముందు చక్రాల డ్రైవ్. బీఎండబ్ల్యూ అంటే వెనక చక్రాల డ్రైవ్ అనుకుని బుక్ చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇవేవీ లోపాలు కావు, కానీ డబ్బు దేనికి కడుతున్నామో ముందే తెలియాలి. ఇంజన్ సైజుకు, సీట్ల లెక్కకు కాదు మనం కట్టేది. 110లో పోతున్నప్పుడు లోపల ఉండే నిశ్శబ్దానికి, మలుపులో బండి ఊగకుండా నిలబడే తీరుకు, సీటు వాటానికి, బ్రేకుకు. అవి అక్కర్లేని ఇంటికి, ఆరుగురు తిరిగే ఇంటికి కొడియాకో ఫార్చ్యూనరో మేలు. ఈ సెగ్మెంట్ బండి హాయిగా నలుగురికి. వెనక మధ్యలో కూర్చునేవాళ్లకు కింద గుబ్బ అడ్డొస్తుంది.

టెస్ట్ డ్రైవ్ షోరూమ్ వాళ్లు చెప్పిన రెండు కిలోమీటర్లతో సరిపెట్టుకోకూడదు. నేను మధ్యాహ్నం రెండింటికి అడిగాను, వెనక ముగ్గురిని కూర్చోబెట్టి. బెంజిసర్కిల్ దగ్గర సర్వీసు రోడ్డులో నత్తనడక, ఆటోనగర్ లోపలి గుంతలు, ఆ తర్వాత ఎనికేపాడు మీదుగా గన్నవరం వైపు హైవే. ఈ మూడు బండ్లకూ డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో తనంతట తానే గేరు మార్చే) గేర్‌బాక్సే కాబట్టి నత్తనడకలో మొదటి గేరు నుంచి రెండుకు మారేటప్పుడు కుదుపు ఎంతో చూడాలి. ఎండలో నిలబెట్టిన బండిలో వెనక వెంట్ల నుంచి చల్లగాలి ఎన్ని నిమిషాలకు వస్తోందో చూడాలి. 15, 20 లక్షల కొరియన్ బండ్లలో ఉన్న, లోపలి నుంచి గాలి వచ్చే వెంటిలేటెడ్ సీట్లు ఇక్కడా ఉంటాయని అనుకోకండి, వేరియంట్ షీట్‌లో వెతకండి. డిక్కీ తెరిచి స్టెప్నీ ఎక్కడుందో కూడా చూడండి. నేల కింద కాకుండా పైన పెడితే బ్రోచర్‌లో రాసిన లీటర్లలో చాలా భాగం దానికే పోతుంది.

అసలు పని కొటేషన్ కాగితం దగ్గర. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ సైజు బండ్లకు జీఎస్టీ 40 శాతం. అంతకుముందు 28 శాతం మీద 17 నుంచి 22 శాతం సెస్సు ఉండేది, అది పోయింది. ఆ 40 ఎక్స్‌షోరూమ్ ధరలోనే కలిసి ఉంటుంది. ఆ పైన ఆంధ్రప్రదేశ్ లైఫ్ ట్యాక్స్: నేను కొన్నప్పుడు 20 లక్షలు దాటిన కారుకు 18 శాతం. అంటే 50 లక్షల బండికి 9 లక్షలు. ఇది కాక 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే డీలరు వసూలు చేసి మన పాన్ మీద కట్టే ఆదాయపన్ను), 50 వేలు. ఇన్సూరెన్సు, ఫాస్టాగ్, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపితే 61 లక్షలు దాటుతుంది. నాకిచ్చిన మొదటి కాగితంలో "హ్యాండ్లింగ్ ఛార్జీలు" అని ఒక గీత ఉంది. దానికి చట్టంలో ఆధారం లేదు, తీసేయమని మెయిల్ పెడితే తీసేశారు. నోటిమాటగా అడిగితే తీయరు, రాతలో అడగాలి.

హైదరాబాద్‌లో బిల్లు చేయిస్తే పన్ను తగ్గుతుందన్న సలహా ఒకటి తిరుగుతుంటుంది. ఇక్కడి అడ్రసు మీద రిజిస్ట్రేషన్ అయితే లైఫ్ ట్యాక్స్ ఇక్కడే కట్టాలి. చుట్టాల అడ్రసుతో టీజీ నంబరు వేయించి ఇక్కడ తిప్పితే 12 నెలలు దాటాక నంబరు మార్చుకోవాల్సిందే, ఇక్కడి పన్నూ మీద పడుతుంది.

ఈఎంఐ తక్కువగా చూపించే బెలూన్ స్కీముల దగ్గర కాస్త నిలబడి లెక్క వేయండి. 35 నెలలు చిన్న వాయిదాలు, 36వ నెలలో ఒక్కసారిగా పెద్ద మొత్తం. అప్పుడు బండిని తామే తిరిగి తీసుకుంటామంటారు గానీ ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే అన్న హద్దు, డెంటుకు ఇంత కోత అన్న పట్టిక వెనక పేజీలో ఉంటాయి. ఆ పేజీ అడిగి తీసుకోండి.

సంస్థ పేరు మీద కొంటే జీఎస్టీ వెనక్కి వస్తుందని షోరూమ్‌లో చెప్పారు. రాదు. 13 మంది లోపు కూర్చునే ప్యాసింజర్ కారుకు ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తిరిగి పొందడాన్ని) జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) ఆపేస్తుంది. అద్దెకు తిప్పేవాళ్లు, డ్రైవింగ్ స్కూలు వాళ్లు వేరు. ఆదాయపన్నులో తరుగుదల మాత్రం ఏటా 15 శాతం దొరుకుతుంది. ఆ ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. అక్టోబరులో కొన్నవాళ్లు ఈ సంగతి చూసుకోవాలి, అక్టోబరు మొదటి రోజుల్లో డెలివరీ అయితేనే 180 నిండుతాయి.

ఎలక్ట్రిక్ ఎక్స్‌1నూ గట్టిగానే చూశాను. 2025 జనవరిలో పొడుగు వీల్‌బేస్‌తో 49 లక్షలకు వచ్చింది. 66.4 కిలోవాట్ అవర్ బ్యాటరీ, కంపెనీ చెప్పే రేంజి 531 కి.మీ. పెట్రోల్ బండి ధరకే ఎలక్ట్రిక్ ఎలా ఇస్తున్నారంటే జవాబు పన్నులోనే ఉంది: దానికి జీఎస్టీ 5 శాతమే. వెనక సీటు పెట్రోల్ దానికన్నా చాలా విశాలం. ఇంట్లో 11 కిలోవాట్ ఛార్జర్ పెట్టాలంటే త్రీఫేజ్ కనెక్షన్, అదనపు లోడ్ మంజూరు కావాలి. సొంత ఇల్లు ఉంటే కరెంటు సంస్థ సీపీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టుకుంటే సరి. నాది అపార్టుమెంటు, సెల్లార్‌లో మీటరు నుంచి వైరు లాగడానికి అసోసియేషన్ ఒప్పుకోలేదు. అది ఒప్పుకుని ఉంటే ఎలక్ట్రిక్కే తీసుకునేవాణ్ణి.

బండి అలాట్ అయ్యాక, రిజిస్ట్రేషన్‌కు డబ్బు కట్టకముందే యార్డుకు వెళ్లి చూడాలి. పగటి వెలుతురులోనే. విన్ (ఛాసిస్) నంబరు ఫొటో తీసుకుని ఫామ్ 21 (అమ్మకపు సర్టిఫికెట్), ఫామ్ 22 (బండి రోడ్డుకు పనికొస్తుందన్న సర్టిఫికెట్)లో ఉన్న నంబరుతో, తయారీ నెలతో సరిచూడండి. తర్వాత టైర్ల దగ్గర కూర్చోండి. టైరు పక్కన డాట్ కోడ్ చివర నాలుగంకెలు ఉంటాయి: 1925 అంటే 2025లో 19వ వారం. నా బండికి మూడు టైర్లు 1925, వెనక ఎడమది 4124. అంటే ఆ చక్రానిది మిగతా వాటికన్నా ఏడు నెలల పాత టైరు. యార్డులో పంక్చరో కోతో పడి ఎక్కడిదో తెచ్చి వేసి ఉండాలి. సేల్స్ కుర్రాడు "ఏం కాదు సార్, కంపెనీ టైరే కదా" అన్నాడు. మెయిల్ పెట్టి, టైరు మారేదాకా మిగతా డబ్బు కట్టనన్నాను. నాలుగో రోజుకు మార్చారు. నంబరు పడ్డాక ఇదే అడిగితే ఎవరూ వినరు.

డెమో కారు తగ్గింపుకు ఇస్తామంటే ఇంకో పరీక్ష ఉంది. 2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత మన ఊళ్లో ఇది తప్పనిసరి. సీటుబెల్టు చివరిదాకా బయటికి లాగండి. లోపలి భాగంలో గోధుమరంగు గీత ఉంటే నీళ్లు అక్కడిదాకా వచ్చినట్టే. కార్పెట్ కింద వేలు పెట్టి తడి, సీటు రైలు బోల్టుల మీద తుప్పు చూడండి. బయట పాలిష్ చేస్తారు, బెల్టు లోపల ఎవరూ కడగరు.

ఇన్సూరెన్సులో ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి) ఒక ఏడాదికి, థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) మూడేళ్లకు. థర్డ్ పార్టీ రేటు సీసీని బట్టి ఉంటుంది: 2022 రేట్ల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ వరకు మూడేళ్లకు 10,640 రూపాయలు, 1500 దాటితే 24,596. ఎక్స్‌1 పెట్రోల్, జీఎల్ఏ 200 మొదటి గుంపు, క్యూ3 రెండో గుంపు. కొత్త బండి ఐడీవీ (పాలసీలో బండికి రాసే విలువ) ఎక్స్‌షోరూమ్‌లో 95 శాతం, అంటే 47.5 లక్షలు ఉందో లేదో చూడండి. ప్రీమియం తగ్గించి చూపడానికి ఐడీవీ కోస్తారు. అదనంగా కొనుక్కునే యాడ్ఆన్లలో జీరో డిప్రిసియేషన్ (విడిభాగాలకు తరుగు కోయకుండా ఇచ్చేది), రిటర్న్ టు ఇన్వాయిస్ (బండి పూర్తిగా పోతే బిల్లు ధర ఇచ్చేది), టైరు కవర్ ఉండాలి, ఇంజన్ ప్రొటెక్ట్ అస్సలు వదలొద్దు. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే సిలిండర్‌లోకి చేరిన నీళ్లు పిస్టన్‌కు లొంగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మామూలు పాలసీలో దాన్ని మీరు చేసుకున్న నష్టమని క్లెయిమ్ కొట్టేస్తారు. సింగ్‌నగర్, భవానీపురం వైపు ఉండేవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. యాడ్ఆన్ ఉన్నా సరే, స్టార్ట్ బటన్ ముట్టుకోకుండా నాలుగు చక్రాలూ పైకెత్తే ఫ్లాట్‌బెడ్ పిలిపించండి.

రిజిస్ట్రేషన్ సాఫీగానే జరిగింది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ కాబట్టి ఏపీ 16, ఏపీ 07 లాంటి పాత జిల్లా నంబర్ల తేడా లేదు. దుర్గమ్మ దగ్గర పూజ మరుసటి ఉదయం.

చివరి కాగితం టీసీఎస్. ఆ 50 వేలు మన పాన్ మీద జమై ఆదాయపన్నులో తగ్గాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వసూలు చేసిన దానికి డీలరు జనవరి 15 లోపు రిటర్న్ వేయాలి. ఫిబ్రవరిలో 26ఏఎస్ (మన పాన్ మీద జమైన పన్ను చూపే ఆదాయపన్ను శాఖ పట్టిక) తెరిస్తే నాకు ఏమీ కనిపించలేదు. ఇన్వాయిస్ తీసి చూస్తే పాన్‌లో ఒక అక్షరం తప్పు, బి బదులు డి పడింది. డీలరు సవరణ రిటర్న్ వేశాక మార్చిలో జమ కనిపించింది. ఇన్వాయిస్ చేతికి ఇచ్చిన రోజే పాన్ పది అక్షరాలూ వేలు పెట్టి చదువుకోండి.