టైనీ85 మూగబోయింది: 62కి బదులు 64

ఏటీటైనీ85 అనే చిన్న మైక్రోకంట్రోలర్ చిప్‌కి క్లాక్ సెట్టింగులు దాచే "లో (low) ఫ్యూజ్" అనే బైట్ ఉంటుంది. అందులో 62 ఉండాల్సిన చోట 64 పడింది (రెండూ హెక్స్ అంకెలు). అంతే, చిప్ ఉలకదు, పలకదు.

8వ కాలి (పవర్) మీద 4.96 వోల్టులు ఉన్నాయి. ప్రోగ్రామింగ్ మొదలవగానే 1వ కాలు (రీసెట్) సున్నాకి దిగుతోంది. అంటే పవర్, రీసెట్ వైర్లలో తప్పు లేదు. అయినా చిప్‌లోకి ప్రోగ్రామ్ రాసే సాఫ్ట్‌వేర్ ఎవిఆర్‌డ్యూడ్‌ది ఒకటే పాట: టార్గెట్ జవాబివ్వట్లేదు. రీసెట్ కాలు మూసుకుపోయిందేమోనన్నది మొదటి అనుమానం. కానీ రీసెట్‌ని మూసే సెట్టింగ్ ఉన్న హై ఫ్యూజ్‌ని ఎవరూ ముట్టుకోలేదు, కాబట్టి 12 వోల్టుల వైద్యం (రీసెట్ కాలికి 12 వోల్టులిచ్చి ఫ్యూజ్ తిరగరాయడం) అక్కర్లేదు.

అసలు లెక్క క్లాక్‌ది. 62 అంటే 8 మెగాహెర్ట్జ్‌ని ఎనిమిదితో భాగించి 1 మెగాహెర్ట్జ్. 64 అంటే 128 కిలోహెర్ట్జ్ ఆసిలేటర్, పైగా ఆ ఎనిమిది భాగహారం అలాగే ఉంది. మిగిలేది 16 కిలోహెర్ట్జ్! ఎస్‌సీకే (ప్రోగ్రామర్ చిప్‌కి పంపే క్లాక్) అందులో నాలుగో వంతు కన్నా తక్కువ ఉండాలి, అంటే 4 కిలోహెర్ట్జ్ లోపు. ఇక్కడి ప్రోగ్రామర్ యూఎస్‌బీఏఎస్‌పీ మామూలుగా కొట్టేది 375 కిలోహెర్ట్జ్.

ఎవిఆర్‌డ్యూడ్‌కి మైనస్ బి 500 (ఎస్‌సీకే పీరియడ్ 500 మైక్రోసెకన్లు) ఇస్తే 2 కిలోహెర్ట్జ్ రావాలి. రాలేదు. ఎస్‌సీకే పీరియడ్ పెట్టలేను, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చూసుకో అని ఒక హెచ్చరిక వచ్చింది. చాలామంది దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఇక్కడ కొంప ముంచింది అదే: ప్రోగ్రామర్‌లోని పాత ఫర్మ్‌వేర్ బి విలువని లెక్కే చేయదు. ప్రోగ్రామర్ మీది స్లో జంపర్ పెట్టినా దిగేది సుమారు 8 కిలోహెర్ట్జ్‌కే. భాగహారం లేని 128 అయితే అది చాలేది, ఈ 16కి మాత్రం అది పరిమితికి రెట్టింపు.

చేసిన పని: ప్రోగ్రామర్ మీది జేపీ2 (దాని సొంత చిప్‌ని రాయనిచ్చే జంపర్) షార్ట్ చేసి, ఆర్డ్వినో ఐఎస్‌పీ స్కెచ్ (బోర్డుని ప్రోగ్రామర్‌గా మార్చే ప్రోగ్రామ్) ఎక్కించిన ఆర్డ్వినో నానో బోర్డుతో (10 రీసెట్, 11 మోసీ, 12 మిసో, 13 ఎస్‌సీకే) ప్రోగ్రామర్‌లోని ఏటీమెగా8కి యూఎస్‌బీఏఎస్‌పీ రూపకర్త ఫిషల్ 2011 మే ఫర్మ్‌వేర్ రాయడం. నానో మధ్యలో తనంతట తాను రీసెట్ కాకుండా దాని రీసెట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ తప్పనిసరి, ప్లస్ రీసెట్ వైపు. ఆ సమయంలో ప్రోగ్రామర్‌ని యూఎస్‌బీలో గుచ్చొద్దు, దాని ఫ్యూజుల జోలికి పోవద్దు.

తర్వాత మైనస్ బి 500తో టైనీ85 సిగ్నేచర్ (చిప్ గుర్తింపు సంఖ్య) వచ్చింది: 1ఈ 93 0బి. ఈ వేగంలో ఫ్యూజ్ ఒక్కటే రాయాలి. బైట్‌కి 32 బిట్లు, అంటే 16 మిల్లీసెకన్లు. 8 కిలోబైట్లు చదవాలంటే రెండు నిమిషాల పైమాటే. 62 పడ్డాక మైనస్ బి 10 చాలు.

టూల్స్ సంగతి తేలిపోయింది: ఎవిఆర్-జీసీసీ (కంపైలర్), మేక్‌ఫైల్ (బిల్డ్ ఆదేశాల ఫైలు), ఎవిఆర్‌డ్యూడ్. ఈ పనులన్నీ ఒకేచోట చేసే ప్లాట్‌ఫార్మ్ఐఓలోనూ అప్‌లోడ్ ఫ్లాగ్స్‌లో బి పెట్టుకోవచ్చు, కానీ ఇంత చిన్న చిప్‌కి అంత సరంజామా ఎందుకు?

తర్వాతి వంతు టైనీ412 చిప్‌ది. దాన్ని ప్రోగ్రామ్ చేసే ఒంటి తీగ పద్ధతి యూపీడీఐకి సొంత ఆసిలేటర్ ఉంది కాబట్టి ఈ క్లాక్ గొడవ అక్కడ రాదు. ఎవిఆర్‌డ్యూడ్ 7 నుంచి సీరియల్‌యూపీడీఐ (సీరియల్ పోర్టుతోనే యూపీడీఐ నడిపే పద్ధతి) ఉంది. ఒక యూఎస్‌బీ-సీరియల్ ముక్క, ఒక షాట్కీ డయోడ్ తీసి పెట్టాలి.