బిడ్డ గుండె ఎప్పుడు తయారవుతుంది?

పుట్టిన బిడ్డ గుండెలో లోపం ఉందనగానే మన ఊళ్లలో మొదట నిలదీసేది తల్లినే. గ్రహణం రోజు బయటికొచ్చావా, బొప్పాయి తిన్నావా, ఏడో నెలలో బరువులెత్తావా? రాజాం దగ్గర మా చుట్టాలింట్లో ఇదే చూశాను. బాలింత గోడవైపు తిరిగి పడుకుంది, పలకరించడానికి వచ్చినవాళ్లు మాత్రం అడుగుతూనే ఉన్నారు. చాలా కోపం వచ్చింది.

ఆ పాపకి ట్రాన్స్‌పొజిషన్, అంటే గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద నాళాలు తారుమారయ్యాయి. ఇది ఏడో నెలలో వచ్చేది కానే కాదు. పిండం ఏర్పడిన మూడు వారాలకే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది, అప్పటికది ఒక సన్నటి గొట్టం. అది వంపు తిరిగి, గదులుగా విడిపోయి, ఎనిమిదో వారానికల్లా దాదాపు గుండె రూపానికి వచ్చేస్తుంది. ఈ మధ్యలోనే, పైకి వెళ్లే ఒకే ఒక్క నాళంలో గోడ పెరిగి దాన్ని రెండు చేయాలి, అదీ తిన్నగా కాదు, తాడు పేనినట్టు మెలి తిరుగుతూ. ఆ మెలి పడితేనే ఒంటికి రక్తం పంపే బృహద్ధమని ఎడమ జఠరికకి (గుండె కింది గదికి), ఊపిరితిత్తుల ధమని కుడి జఠరికకి అందుతాయి. మెలి పడకపోతే తారుమారు. అసలు గోడే లేవకపోతే ఒకే నాళం మిగిలిపోతుంది, దాన్ని ట్రంకస్ ఆర్టీరియోసస్ అంటారు, అది ఇంకా అరుదు. ఈ గోడ పని మొదలయ్యేసరికి చాలామంది ఇంకా డాక్టర్ గడప కూడా తొక్కి ఉండరు. అదుపులో లేని షుగర్, మొదటి నెలల్లో సోకే రుబెల్లా వైరస్ లాంటివి ముప్పు పెంచుతాయి, నిజమే, కానీ చాలామంది పిల్లల్లో ఫలానా కారణమని డాక్టర్లే చెప్పలేరు.

ట్రాన్స్‌పొజిషన్ ఉన్న పిల్లలు సాధారణంగా మంచి బరువుతో పుట్టి, బాగానే ఏడుస్తారు. పుట్టకముందు నుంచీ ఆ రెండు పెద్ద నాళాల్నీ కలిపే డక్టస్ అనే దారి తెరిచి ఉన్నంతవరకు మంచి రక్తం, చెడు రక్తం కాస్త కలుస్తాయి, అది మూసుకుపోతుంటే పెదాలు, గోళ్లు నీలం తిరుగుతాయి. మన చాయలో ఆ నీలం కంటికి సరిగ్గా ఆనదు. అందుకే ఇంటికి పంపేముందు కుడి చేతికి, ఒక కాలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూడమనండి. ఆక్సిజన్ 90 శాతం లోపు వస్తే ఆలస్యం చేయకూడదు. డక్టస్ మూసుకోకుండా ప్రోస్టాగ్లాండిన్ అనే మందు ఎక్కించి, తర్వాత నాళాలు మార్చి కుడతారు. బ్రెజిల్‌లో జటేనే అనే సర్జన్ 1975లో మొదటిసారి చేసి చూపించిన ఆపరేషన్ అది.

ఐదో నెల స్కాన్‌లో నాలుగు గదులూ కనిపించాయంటే సరిపోదు, ట్రాన్స్‌పొజిషన్‌లో అవి మామూలుగానే కనిపిస్తాయి. నాళాలు ఎక్కడి నుంచి బయల్దేరుతున్నాయో కూడా చూశారా అని అడగండి.