తలకొక ఓమెరు

“వారు ఓమెరుతో కొలిచినప్పుడు ఎక్కువగా కూర్చుకొనినవానికి ఎక్కువ మిగులలేదు, తక్కువగా కూర్చుకొనినవానికి తక్కువ కాలేదు.” – నిర్గమకాండము 16:18

అరణ్యంలో ఇశ్రాయేలు జనానికి దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారం మన్నా. ఆ కథ సండే స్కూల్లో ఎన్నిసార్లు విన్నామో, ఎన్నిసార్లు చెప్పామో. పొద్దున్నే మంచు ఆరిపోయాక అరణ్యపు నేల మీద నూగుమంచులా సన్నని కణాలు కనబడడం, “ఇదేమిటి?” అని జనం ఒకరినొకరు అడగడం, పిల్లలు నోరు తెరుచుకుని వినే కథ. మనం ఆ అద్భుతం దగ్గరే ఆగిపోతాం. 18వ వచనం దాకా వచ్చేసరికి క్లాసు టైము అయిపోతుంది.

నాకు మాత్రం ఈ అధ్యాయానికి ప్రాణం ఆ వచనంలోనే ఉందనిపిస్తుంది. ఒక్కసారి ఆ ఉదయాన్ని కళ్ళ ముందు పెట్టుకోండి. ఎండెక్కితే మన్నా కరిగిపోతుంది కాబట్టి అందరూ తెల్లవారగానే బయలుదేరాలి. వయసులో ఉన్నవాడు గబగబా గంపెడు ఏరతాడు. నడుం వంగిన ముసలమ్మకు, చంటిబిడ్డను చంకనేసుకున్న తల్లికి దక్కేది కొంచెమే. అంతవరకూ లోకం తీరు ఎలాగుంటుందో అలాగే ఉంది. ఆ తర్వాత ఓమెరు వచ్చింది. అది సుమారు రెండు లీటర్ల కొలపాత్ర. దేవుడిచ్చిన ఆజ్ఞ తలకొక ఓమెరు. గుడారంలో ఎంతమంది ఉంటే అన్ని ఓమెర్లు. ఏరినవాడి చేతిలో ఎంత బలముందో ఎవరూ అడగలేదు, తినాల్సిన నోళ్ళు ఎన్ని అనే చూశారు. ఆకాశం నుంచి ఆహారం పంపిన దేవుడే కొలత కూడా చెప్పాడు. మొదటిదాన్ని అద్భుతమని, రెండోదాన్ని రాజకీయమని విడదీసే హక్కు మనకు లేదు.

ఈ వచనాన్ని నేను చదువుతున్నది అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో కూర్చుని. ఇక్కడ సర్కారు బళ్ళ డబ్బు గురించి చర్చిలు, సినగాగులు (యూదుల ప్రార్థన మందిరాలు), మసీదులు కలిసి ఏళ్ళ తరబడి కొట్లాడుతున్నాయి. ఈ సంగతి మన తెలుగు విశ్వాసుల్లో చాలామందికి తెలియదు. తెలియాలి, ఎందుకంటే ఆ గొడవలో మన ఇళ్ళూ ఉన్నాయి.

ఈ రాష్ట్రంలో 500 స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి, అంటే ఒక్కో ప్రాంతపు సర్కారు బళ్ళను నడిపే విభాగాలు. బళ్ళ ఖర్చులో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేది 40 శాతం లోపే. సగానికి పైగా ఆ ఊరి నుంచే రావాలి, అందులో ఎక్కువ భాగం అక్కడి ఇళ్ళ మీద, స్థలాల మీద వేసే ప్రాపర్టీ టాక్స్. జూలైలో మన ఇంటికొచ్చే స్కూల్ టాక్స్ బిల్లు తీసి చూడండి. ఒక పక్క ఇంటి అసెస్‌మెంట్ విలువ (పన్ను కోసం కట్టిన విలువ) ఉంటుంది, ఇంకో పక్క మిల్లుల రేటు ఉంటుంది. వెయ్యి డాలర్ల విలువకు ఒక డాలరు పన్ను పడితే అది ఒక మిల్లు. ఖరీదైన ఇళ్ళు, ఆఫీసు పార్కులు, పెద్ద పెద్ద మాల్స్ ఉన్న చోట కొద్ది మిల్లులకే బడికి దండిగా డబ్బు వస్తుంది. ఫిలడెల్ఫియాను ఆనుకుని డార్బీ, యేడన్, లాన్స్‌డౌన్ లాంటి చిన్న ఊళ్ళతో విలియం పెన్ అనే డిస్ట్రిక్టు ఉంది. అక్కడి పన్ను రేటు రాష్ట్రంలోనే బాగా ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి. అయినా వచ్చేది తక్కువే, ఎందుకంటే అక్కడి ఇళ్ళ విలువే తక్కువ. ఆ తల్లిదండ్రులు సోమరులు కారు. మనకంటే ముందే లేచి, మనకంటే ఎక్కువసేపు వంగి ఏరుతున్నారు. గంప నిండడం లేదు.

ఫిలడెల్ఫియా నగరం సంగతి ఇంకా బాధాకరం. 2013లో ఒక్క ఏడాదిలోనే ఇరవైకి పైగా బళ్ళు మూసేశారు. మూడు వేల మందికి పైగా సిబ్బందికి తీసివేత నోటీసులు ఇచ్చారు. వాళ్ళలో కౌన్సెలర్లు, అసిస్టెంట్ ప్రిన్సిపాళ్ళు, భోజనం వేళ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు ఉన్నారు. తర్వాత కొందరిని వెనక్కి పిలిచినా, ఆ ఏడాది ఆ బళ్ళల్లో చదివిన పిల్లలకు ఆ ఏడాది తిరిగి రాదు కదా. 2019లో మొదలై పాత భవనాల్లో ఆరోగ్యానికి హాని చేసే ఆస్బెస్టాస్ దెబ్బతిని ఉందని తేలడంతో కొన్ని బళ్ళు మూతపడ్డాయి కూడా.

2011లో ఈ నగరంలో పవర్ ఇంటర్‌ఫెయిత్ అనే కూటమి మొదలైంది. నల్లజాతి బాప్టిస్టు సంఘాలు, లూథరన్లు, కాథలిక్కులు, యూదులు, ముస్లిములు అందులో కలిసి పనిచేస్తారు. వాళ్ళు ప్రార్థనతో పాటు కాగితం, పెన్సిలు కూడా పట్టుకున్నారు, అదే నాకు నచ్చింది. 2014లో ఆ కూటమిలోని ఒక యూదు సభ్యుడు, డేటా లెక్కలు బాగా తెలిసినవాడు, రాష్ట్రం ఇచ్చే డబ్బును డిస్ట్రిక్టుల వారీగా వేసి చూశాడు. పేదరికం ఒకే స్థాయిలో ఉన్న డిస్ట్రిక్టులను పక్కపక్కన పెడితే, తెల్లవాళ్ళు ఎక్కువున్న చోటికి తలకు ఎక్కువ డబ్బు వెళ్తోందని తేలింది. అప్పటిదాకా మనసులో అనుకుంటున్నది అంకెల్లో కనబడేసరికి పాస్టర్లు ఆ అంకెలనే పట్టుకుని రాజధాని హారిస్‌బర్గ్‌కు వెళ్ళడం మొదలుపెట్టారు. 2015 జనవరి 19న, మార్టిన్ లూథర్ కింగ్ దినం నాడు, ఫిలడెల్ఫియా వీధుల్లో వేలమంది నడిచారు. వాళ్ళ డిమాండ్లలో బళ్ళకు న్యాయమైన నిధులు ఒకటి.

2016లో రాష్ట్రం ఒక ఫార్ములాను చట్టం చేసింది. నిజం చెప్పాలంటే మంచి ఫార్ములాయే. కటిక పేదరికంలో ఉన్న పిల్లవాడిని, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకుంటున్న పిల్లవాడిని ఒకరి కంటే ఎక్కువగా లెక్కిస్తుంది, ఎందుకంటే వాళ్ళకు చదువు చెప్పడానికి ఎక్కువ ఖర్చవుతుంది. కానీ దాన్ని 2014–15 తర్వాత కొత్తగా కలిపిన డబ్బుకు మాత్రమే వర్తింపజేశారు. అంతకుముందు నుంచీ ఇస్తున్న పెద్ద మొత్తం పాత పద్ధతిలోనే పోతూ వచ్చింది. నిరుడు ఇచ్చినదానికి ఎవరికీ తగ్గకూడదన్నది ఆ పద్ధతి. 1990ల నుంచి నడుస్తోంది. ఈలోగా పిల్లలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారారు. కొన్నిచోట్ల తరగతులు ఖాళీ అయ్యాయి, కొన్నిచోట్ల కిక్కిరిశాయి. డబ్బు మాత్రం ఎప్పుడో లెక్కపెట్టిన తలల వెంటే పోయింది. నిర్గమకాండంలో కొందరు మోషే మాట వినక మన్నాను మర్నాటికి దాచుకున్నారు, అది పురుగు పట్టి కంపు కొట్టింది. నిన్నటి కొలతతో ఇవాళ్టి ఆకలి తీర్చబోతే ఏమవుతుందో వాక్యం అప్పుడే చెప్పింది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. మొత్తం డబ్బును ఒక్కసారిగా కొత్త ఫార్ములాలోకి తెమ్మని పవర్ అడిగింది. అలా చేస్తే పిల్లలు తగ్గిపోయిన చిన్న పల్లెటూరి డిస్ట్రిక్టులకు గండి పడుతుంది. వాటిలో చాలావరకు బాగా పేదవే, వాటిలో చదివేది ఎక్కువగా తెల్లజాతి పేదల పిల్లలే. ఒక పేదవాడి గంపలోంచి తీసి ఇంకో పేదవాడి గంపలో వేస్తే అది మన్నా వచనం నెరవేరినట్టు కాదు. “తక్కువ కాలేదు” అన్న మాట ఇద్దరికీ వర్తించాలి. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో యెరూషలేము పేదల కోసం చందా అడుగుతూ సరిగ్గా ఈ వచనాన్నే ఎత్తి చెప్పాడు. ఒకరికి తేలిక చేసి ఇంకొకరి మీద బరువు పెట్టడం తన ఉద్దేశం కాదని అక్కడే స్పష్టంగా రాశాడు. కాబట్టి మొత్తమే పెరగాలి. పెరిగిన మొత్తాన్ని తలలను బట్టి కొలవాలి.

2014 నవంబరులోనే ఆరు డిస్ట్రిక్టులు, కొందరు తల్లిదండ్రులు, నల్లజాతి పౌరహక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ రాష్ట్ర శాఖ, పల్లె బళ్ళ సంఘం కలిసి కోర్టుకెక్కాయి. విలియం పెన్‌తో పాటు బొగ్గు గనుల ప్రాంతపు పాంథర్ వ్యాలీ, షెనండోవా వ్యాలీ కూడా వాటిలో ఉన్నాయి. నగరం పక్కన ఉన్న నల్లజాతి పిల్లలూ, కొండల మధ్య ఉన్న గని కార్మికుల మనవలూ ఒకే పిటిషన్ మీద నిలబడ్డారు. 2015లో కేసు కొట్టేశారు. 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది. 2021 నవంబరు నుంచి 2022 మార్చి దాకా హారిస్‌బర్గ్‌లో విచారణ నడిచింది.

ఆ విచారణలో జరిగిన ఒక మాట నన్ను ఇప్పటికీ వదలదు. ఒక చిన్న పల్లె డిస్ట్రిక్టు సూపరింటెండెంట్ బోనులో ఉన్నాడు. తమ బళ్ళల్లో పిల్లలు ఎక్కడెక్కడ వెనకబడుతున్నారో చెబుతున్నాడు. ఈ కేసులో ప్రతివాదుల్లో ఒకరైన రాష్ట్ర సెనేట్ నాయకుడి తరఫు లాయరు లేచి అడిగాడు: కార్పెంటర్ కాబోయేవాడికి బయాలజీతో పనేమిటి? మెక్‌డొనాల్డ్స్‌లో పనికి పోయేవాడికి ఆల్జీబ్రా దేనికి? రాష్ట్రానికి దుకాణాల్లో పనిచేసేవాళ్ళూ కావాలి, పిజ్జా చేసేవాళ్ళూ కావాలి కదా అని కూడా అన్నాడు.

నజరేతు వాళ్ళు యేసును గురించి అన్న మాట మనకు కంఠతా వచ్చు, “వడ్లవాడు కాడా?” అన్నారు. ఆయన చేతికి ఏ పనిముట్టు అలవాటో చూసి, ఆయన నోటి నుంచి జ్ఞానం ఎలా వస్తుందని అభ్యంతరపడ్డారు. రెండు వేల ఏళ్ళ తర్వాత ఒక కోర్టు హాల్లో అదే ప్రశ్న పిల్లల గురించి వచ్చింది. పన్నెండేళ్ళ పిల్లవాడి భవిష్యత్తును వాడి ఊరి ఇళ్ళ ధరను బట్టి ముందే రాసిపెట్టడం దేవుని పోలికలో పుట్టిన మనిషిని తక్కువ చేయడమే. విశ్వాసులు ఈ కేసులో ఎందుకు తలదూర్చారని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క సంగతే చెబుతాను.

2023 ఫిబ్రవరి 7న, మంగళవారం, జడ్జి రెనే కోన్ జూబిలీరర్ తీర్పు ఇచ్చారు. 786 పేజీల తీర్పు. ఇప్పుడున్న పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని, బతుకులో నిలదొక్కుకోవడానికి నిజమైన అవకాశం ప్రతి పిల్లవాడికీ దక్కాలని అందులో తేల్చారు. దానికి మూడు రోజుల ముందు, శనివారం నాడు, సినగాగుల్లో చదివిన తోరా (మోషే ఐదు గ్రంథాలు) భాగం నిర్గమకాండం 13వ అధ్యాయం నుంచి 17 దాకా. అందులోదే మన మన్నా అధ్యాయం. ఏటేటా వరుసగా వచ్చే పఠనంలో ఆ వారం అలా కుదిరింది. ఈ సంగతి తెలిసినప్పుడు నేను కాసేపు బైబిలు మూయలేకపోయాను.

ఆ తీర్పు మీద ఎవరూ పైకోర్టుకు వెళ్ళలేదు. 2024లో రాష్ట్రం లెక్క కట్టింది. చాలినంత డబ్బు లేని డిస్ట్రిక్టులకు మొత్తం మీద ఏటా దాదాపు 450 కోట్ల డాలర్లు తక్కువ పడుతున్నాయని తేలింది. ఆ ఏడాది బడ్జెట్లో ఇచ్చింది అందులో తొమ్మిదో వంతు. ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం. 2025 బడ్జెట్ జూన్ 30 గడువు దాటి నవంబరు 12 దాకా సాగింది. అన్ని నెలలూ రాష్ట్రం డబ్బు రాకపోతే ఎక్కువ కష్టపడేది పేద డిస్ట్రిక్టులే. వాటి పెట్టెలో దాచుకున్నది ఉండదు.

ఇక మన సంగతి. గుంటూరు లూథరన్ కుటుంబాల్లో పుట్టినవాళ్ళకు జూలై 31 అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. 1842లో ఆ రోజున గుంటూరులో అడుగుపెట్టిన ఫాదర్ హయ్యర్‌ను పంపింది పెన్సిల్వేనియా లూథరన్ సంఘాలే. ఆయన సువార్తతో పాటు బళ్ళు తెరిచాడు. తర్వాత దశాబ్దాల పాటు ఆ మిషన్ బళ్ళల్లోనే, ఊరి బడి గడప తొక్కనివ్వని ఎన్నో ఇళ్ళ పిల్లలు, ఆడపిల్లలు అక్షరాలు దిద్దారు. ఆ పలకల ఖర్చు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ రాష్ట్రపు రైతులు, చేతిపనివాళ్ళు ఆదివారం పళ్ళెంలో వేసిన చిల్లర నుంచి. మన ముత్తాతల తలలను వాళ్ళు చూడకుండానే లెక్కలో వేసుకున్నారు. హయ్యర్ చివరికి 1873లో ఫిలడెల్ఫియాలోనే కన్నుమూశాడు.

ఇప్పుడు మనం ఆ నగరం చుట్టూ ఉన్న సబర్బుల్లో ఉంటున్నాం. ఇల్లు కొనేటప్పుడు బెడ్‌రూములు ఎన్ని అని అడిగే ముందే స్కూల్ రేటింగ్ ఎంత అని అడుగుతాం. బిడ్డల మీద ప్రేమతో చేసే పని అది, తప్పేమీ కాదు. మనం ఎక్కువగా కూర్చుకున్నవాళ్ళం, అంతే. అయితే 18వ వచనం అక్కడితో ముగియదు, మన గంపను కూడా ఓమెరు దగ్గరికి తెమ్మంటుంది. హిందూ మిత్రులు చాలామంది ఈ పోస్టులు చదువుతుంటారు కాబట్టి వాళ్ళకూ చెబుతున్నాను: విద్యాదానం గొప్పదని మీ పెద్దలు చెప్పినదీ, మా వచనం చెప్పేదీ ఇక్కడ ఒకే గుమ్మం దగ్గరికి తీసుకొస్తాయి. ఆ కూటముల్లో మీకూ చోటుంది.

మన ఫెలోషిప్‌ల ప్రార్థన లిస్టులో వీసాలు, ఉద్యోగాలు, పిల్లల శాట్ స్కోర్లు ఉంటాయి. ఉండాలి కూడా. వాటి పక్కన విలియం పెన్, పాంథర్ వ్యాలీ, ఫిలడెల్ఫియా అని పేర్లు పెట్టి రాసుకోండి. ప్రార్థన అయ్యాక మీ స్టేట్ రెప్రజెంటేటివ్ ఆఫీసుకు ఒక ఫోన్ చేయండి. సిటిజన్‌షిప్ లేదని టెన్షన్ పడక్కర్లేదు. మీరు ఆ ప్రాంతంలో ఉంటూ పన్ను కడుతున్నవాళ్ళు, మాట్లాడే హక్కు మీకుంది. అడగాల్సింది ఒకటే, ఆ లోటులో ఇంకా మిగిలినది ఎన్నేళ్ళలో ఇస్తారని. ఆఫీసులో ఫోనెత్తినవాళ్ళు గడువు గురించి ఏదో ఒకటి చెబితే, కేసు వేసిన నవంబరులో ఒకటో తరగతిలో ఉన్న పిల్లలకు 2026తో పన్నెండో తరగతి కూడా అయిపోతుందని వాళ్ళకు చెప్పండి.