పళ్ళెం కావలసింది బంతి ఎలా అయింది?

2017 ఆగస్టు 17న లైగో, వర్గో పరికరాలు పట్టుకున్న గురుత్వ తరంగాల (స్థలకాలంలో పుట్టే అలల) గురించి ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు. సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, ఎన్‌జీసీ 4993 అనే గెలాక్సీలో, రెండు న్యూట్రాన్ నక్షత్రాలు, అంటే పేలిపోయిన భారీ నక్షత్రాల నుండి మిగిలిన అతి సాంద్రమైన గోళాలు, ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. 1.7 సెకన్ల తరువాత గామా కిరణాలు, 11 గంటల లోపే చిలీలోని టెలిస్కోపుకు కొత్త కాంతి బిందువు కనిపించాయి. ఆ కాంతినే కిలోనోవా అంటారు.

ఆ పేలుడు ఆకారమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. కలవడానికి ముందు చివరి క్షణాలలో ఆ నక్షత్రాలు సెకనుకు వందల సార్లు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. అంత వేగంగా తిరిగే పదార్థం చెదిరిపోతే, అది తిరిగిన తలంలోనే ఎక్కువగా పరుచుకొని చదునైన పళ్ళెంలా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. అయితే కోపెన్‌హాగెన్‌లోని ఆల్బర్ట్ స్నెప్పెన్, డారక్ వాట్సన్, వారి సహచరులు 2023లో నేచర్ పత్రికలో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం అది దాదాపు సంపూర్ణమైన గోళం.

అంత దూరాన చుక్కగా మాత్రమే కనిపించే వస్తువు గుండ్రంగా ఉందని ఎలా తెలిసింది? వారు దాన్ని రెండు దిక్కులలో కొలిచారు. కాంతి రంగును బట్టి ఉష్ణోగ్రత తెలుస్తుంది, ఉష్ణోగ్రతను బట్టి ఒక్కో చదరపు మీటరు నుండి ఎంత కాంతి రావాలో తెలుస్తుంది. గెలాక్సీ దూరం తెలుసు గనుక, మొత్తం ప్రకాశాన్ని బట్టి ఆ వస్తువు అడ్డంగా ఎంత వెడల్పు ఉందో లెక్క తేలుతుంది. ఇక మన వైపు వచ్చే వేగాన్ని చెప్పింది స్ట్రాన్షియం, బాణసంచాకు ఎర్రరంగునిచ్చే మూలకమే. దాని వర్ణపట రేఖ (కాంతిని రంగులుగా విడదీస్తే కనిపించే ఆ మూలకం గుర్తు) తన చోటు నుండి ఎంత జరిగిందో, ఏ ఆకారంలో ఉందో చూస్తే, పదార్థం కాంతి వేగంలో పావు వంతుకు పైగా వేగంతో మన వైపు దూసుకొస్తున్నట్టు తేలింది. పేలిన క్షణాన్ని గురుత్వ తరంగాలు ముందే చెప్పేశాయి కాబట్టి, వేగాన్ని గడిచిన కాలంతో గుణిస్తే చాలు, పదార్థం మన వైపు ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. 1.4 రోజుల నాటికి ఆ దూరం (పేలుడు వ్యాసార్ధం) దాదాపు వెయ్యి కోట్ల కిలోమీటర్లు, అంటే నెప్ట్యూన్ కక్ష్య వ్యాసార్ధానికి రెట్టింపు కంటే ఎక్కువ. పూర్తిగా వేరు దారుల్లో వచ్చిన ఆ రెండు కొలతలూ సరిపోయాయి.

కారణం విషయంలో మాత్రం ఊహలే ఉన్నాయి. కలిసిన నక్షత్రం బ్లాక్ హోల్‌గా కుప్పకూలే ముందు క్షణకాలం నిలిచి ఉంటే, దానిలోని అపారమైన అయస్కాంత శక్తి విడుదలై పదార్థాన్ని అన్ని వైపులా సమంగా తోసి ఉండవచ్చు. దాని నుండి వెల్లువెత్తిన న్యూట్రినోలు అనే అతి తేలికైన కణాలు న్యూట్రాన్లను ప్రోటాన్లుగా మార్చి, స్ట్రాన్షియం వంటి తేలిక మూలకాలు అన్ని దిక్కులా ఏర్పడేలా చేసి ఉండవచ్చు. ఈ రెండో ఆలోచన నాకు ఎక్కువ నచ్చుతుంది. గోళమంతటా పదార్థం ఒకే తీరుగా ఎందుకు ఉందో అది కూడా చెబుతుంది.

అయితే చదునుగానో, ఎగుడుదిగుడుగానో ఉన్న పేలుడు కూడా ఇదే పద్ధతిలో కొలిస్తే గోళంలా కనిపించగలదని తరువాతి కంప్యూటర్ నమూనాలు చూపించాయి. అందువల్ల మరో కిలోనోవాను, వీలైతే వేరే కోణం నుండి, మొదటి గంటల నుండే కొలిచే అవకాశం కోసం ఎదురుచూస్తున్నాను.